రక్తపుపోటు మందులు - గృహిణి యెఱుగవలసిన సంగతులు

నేడు పెక్కు గృహములయందు పెద్దలకు రక్తపుపోటు మాత్ర నిత్యకృత్యమైనది. దానిని వేళకు జ్ఞాపకముచేసి యందించునది సామాన్యముగ గృహిణియే. ఆ మాత్ర గుండెను కాపాడుచునే రక్తమందలి చక్కెరను, లవణములను కొంత మార్చుచుండును. ఆ మార్పు లెట్టివో మన సోదరీమణులు తెలిసికొనుట మేలని మా తలంపు.

మూత్రమును అధికముచేయు మందులలో హైడ్రోక్లోరోథయజైడు, క్లోర్‌థాలిడోను అనునవి ముఖ్యములు. ఇవి యుప్పును నీటిని వెడలించి పోటును తగ్గించును. వానితో పొటాషియము కూడ పోవును. అది మిక్కిలి తగ్గినచో కండరములు నీరసించును. గుండె లయ తప్పవచ్చును. కొందఱికి రక్తమున చక్కెర పెరుగును. 2002 సంవత్సరమున వెలువడిన ఆల్‌హాట్ అను పరిశోధనమునందు, మొదట మధుమేహము లేనివారిలో నాలుగేండ్లకు క్లోర్‌థాలిడోను వాడినవారికి నూటికి 11.6 చొప్పునను, లిసినోప్రిల్ వాడినవారికి 8.1 చొప్పునను చక్కెర మధుమేహపు హద్దును చేరెను. అయినను గుండెపోటు నడ్డుటలో క్లోర్‌థాలిడోను వెనుకబడలేదు.

అటెనొలాలు, ప్రొప్రానొలాలు మొదలగునవి గుండె వేగమును తగ్గించును. ఇన్సులిను పుచ్చుకొనువారికి చక్కెర పడిపోయినపుడు గుండెదడయు వణకును పుట్టి హెచ్చరించును. ఈ మందులు ఆ గుర్తులను మఱుగుపఱచును. చెమట మాత్రము పట్టును. కావున నట్టివారికి అకాలమున చెమటలు పట్టినచో ఉపేక్షింపక వెంటనే చక్కెర పరీక్షింపవలెను.

ఎనలాప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ మొదలగునవి పొటాషియమును శరీరమున నిలుపును. ఇచట వంటయింటి విషయ మొకటి గలదు. అంగళ్లలో దొరకు తక్కువ సోడియపు ఉప్పులో సాధారణముగ పొటాషియము క్లోరైడు కలిసియుండును. ఈ మందులు వాడువారికి, అందును మూత్రపిండములు దుర్బలమైనవారికి, అది ప్రాణాపాయము కూడ తేవచ్చును. వైద్యు నడుగక దానిని కూరలో వేయరాదు.

ఇవి చదివి యెవ్వరును మందు మానరాదని మా ప్రార్థన. అటెనొలాలు వంటివానిని హఠాత్తుగ మానినచో గుండెనొప్పి తిరుగబెట్టును, గుండెపోటే రావచ్చును. పోటు అదుపు తప్పుటవలన గలుగు కీడు, చక్కెర కొంత పెరుగుటకంటె పెద్దది. మందు మొదలిడిన కొలది వారములకును, పిదప వైద్యుడు చెప్పిన గడువులందును పొటాషియము, క్రియాటినిను, చక్కెర పరీక్షింపించి, ఆ కాగితములను వరుసగ దాచియుంచుడు. వైద్యుడు మందును మార్చుటకో, మోతాదు తగ్గించుటకో అవియే యాధారము.