దుమ్ము సంగతి ఎక్స్‌రేకి ఎవరు చెప్పాలి?

కడప వైపు నుంచి నంద్యాల వస్తుంటే దారిలోనే ఆళ్లగడ్డ. రోడ్డు పక్కన వరసగా విగ్రహాలు... ఒకచోట సగం చెక్కిన వినాయకుడు, ఆ పక్కనే ఇంకా కళ్లు తెరవని అమ్మవారు. ఉలీ సుత్తీ చప్పుడుకి కటింగ్ మిషన్ల రొద తోడైంది. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ మిషన్ లేపే దుమ్ములో కంటికి ఆనని రేణువులుంటాయి. గ్రానైట్‌లో ఉండే సిలికా అలా ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తరబడి మచ్చలు కడితే అదే సిలికోసిస్. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు.

చిక్కంతా ఎక్స్‌రేలోనే ఉంది. ఈ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలో వస్తాయి. క్షయ కూడా తరచుగా అక్కడే! దగ్గు, ఆయాసం రెండింటికీ ఉంటాయి. సిలికా పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి రెండూ కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు. తెమడ పరీక్ష క్షయ సంగతి తేలుస్తుంది. రెండోది తేలాలంటే మాత్రం 'ఏం పని చేస్తావయ్యా, ఎన్నేళ్ల నుంచి?' అని అడగాల్సిందే. ఆ జవాబు ఫిలింలో ఉండదు, శిల్పి దగ్గరే ఉంటుంది.

జనాన్ని భాగస్వాములను చేసే పరిశోధన అవసరం ఇక్కడే తెలుస్తుంది. స్కానింగులతో ఊళ్లను పరిశీలించడం మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో కొన్నింటిలో 1987-90 మధ్య గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి, ఆ పిల్లలు పెద్దయ్యాక డెక్సా స్కాన్‌తో ఎముకల గట్టిదనం చూశారు. విలువైన పనే. కాకపోతే అక్కడ ప్రశ్న శాస్త్రవేత్తలది.

రాజస్థాన్‌లో కథ వేరు. సిరోహీ జిల్లా పిండ్వాడాలో గుళ్లకు రాళ్లు చెక్కేవారు, గని కార్మికులు, వారి సంఘాలు ఎక్స్‌రేల కోసం, జబ్బు గుర్తింపు కోసం ఏళ్లపాటు పోరాడారు. 2019 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక విధానం తెచ్చింది. సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే 3 లక్షలు, రోగి చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షల రూపాయలు.

ఆళ్లగడ్డలో అలాంటి అధ్యయనమే జరిగితే శిల్పులు చెప్పగలిగేవి చాలా ఉన్నాయి. ఏ రాయి ఎక్కువ దుమ్ము రేపుతుంది, ఎవరు నీళ్లు పోస్తూ కోస్తారు, ఎవరు ముఖానికి తువ్వాలుతో సరిపెట్టుకుంటారు (ఇంత సన్నటి దుమ్మును తువ్వాలు ఆపలేదు), షెడ్డు ఊడ్చే ఆడవాళ్ల మాటేమిటి... భయాలూ వాళ్లే చెప్పాలి. 'జబ్బని తేలితే పనిలోంచి తీసేస్తారా? పిల్లకి సంబంధం వస్తుందా?' వీటికి ముందే జవాబు దొరక్కపోతే ఎక్స్‌రే బండి వీధి చివరికొచ్చినా ఎవరూ ఎక్కరు. ఫలితం ఎవరిది వారికే, తెలుగులో, నలుగురిలో కాకుండా చెప్పాలన్నది మొదటిరోజే తేల్చుకోవాల్సిన విషయం.

ఇంట్లో రాతిపనివాళ్లుంటే ఓ మాట. పాత ఎక్స్‌రే ఫిలిం పారేయకండి. మచ్చలు పెరిగాయా లేదా అని చూడ్డానికి డాక్టరుకి కొత్తదాని పక్కన పాతదీ కావాలి. ఫిలిం కవరు మీద పేరుతో పాటు, చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నదీ రాసిపెట్టండి.