కుంచె పట్టిన నవలాకారుడు

ఒక చేత కలమూ, ఒక చేత కుంచె పట్టినవారు సాహిత్యలోకంలో లేకపోలేదు. కాని రెండింటా నిజమైన సాధన చేసి, ఒకదాని బలాన్ని రెండవదానికి ఇచ్చినవారు అరుదు. తెలుగులో అట్టివారిని తలచుకొంటే మొదట స్ఫురించే పేరు అడివి బాపిరాజుగారిది. మన ఓరుగల్లువారికి ఆయన 'గోన గన్నారెడ్డి' కర్త. ఆయన చిత్రకారుడు కూడా అన్న సంగతి మాత్రం తరగతిలో చెప్పినప్పుడల్లా విద్యార్థులకు కొత్తగానే ఉంటుంది. ఈ సంగతి మరచి ఆయన నవలలను తూచటంవల్లనే వాటికి కొంత అన్యాయం జరిగిందని నా అభిప్రాయం.

1895లో భీమవరంలో జన్మించిన బాపిరాజు రాజమహేంద్రవరంలో చదివేనాడు అక్కడి కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు అధ్యక్షుడు. స్వయంగా చిత్రకారుడైన ఆయన ప్రోత్సాహంలోనే దామెర్ల రామారావు, బాపిరాజు ఇరువురూ రూపొందారు. ఆ మీదట బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయునివద్ద బాపిరాజు వంగ సంప్రదాయపు చిత్రకళ అభ్యసించారు. సహాయ నిరాకరణోద్యమంలో చెరసాల చూచారు, న్యాయవాది అయ్యారు, 1936లో 'అనసూయ', 'ధ్రువవిజయము' చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించారు, హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకులైనారు. 1952లో కన్నుమూసేదాకా ఎక్కడా నిలకడ లేదనే చెప్పాలి. ఆ నిలకడలేనితనమే నవలలకు ముడిసరుకయింది.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి 'వేయిపడగలు'తో పాటు బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతి పంచుకొన్నది. నాటినుండి ఆయనపై ఒక ఆక్షేపణ వినవస్తూనే ఉన్నది: కథ నడవదు, వర్ణన ఆపదు అని. నిజమే. అయితే బాపిరాజు ఘట్టాన్ని చెప్పటంలేదు, చిత్రిస్తున్నారు. వంగ సంప్రదాయంలో రంగు పూసి, నీటితో కడిగి, మరల పూసి, మరల కడుగుతారు. పొరమీద పొరగా రూపం మంచులోనుండి వచ్చినట్లు మెల్లగా తేలుతుంది. ఆయన నాయికలు అచ్చముగా అట్లే వస్తారు. మొదట వెలుగు, తరువాత వస్త్రపు రంగు, ఆ తరువాత నడక, చివరకు ముఖం. తొందరపడే పాఠకునికి ఇది ఆలస్యమనిపిస్తే చిత్రకారుని తప్పు కాదు.

ఆ పద్ధతికి లోపమూ ఉన్నది. నీటిరంగుల ఆ మెత్తదనంలో కటికనీడకు చోటు తక్కువ. అందుచేతనే బాపిరాజు దుష్టపాత్రలు వెలవెలపోతాయి. నాయికలందరూ ఒకే అక్కచెల్లెండ్రవలె తోస్తారు. 'వేయిపడగలు'లోని చీకటి ఆయనకు చేతకాదు.

'గోన గన్నారెడ్డి'లో పెండ్లిపీటలమీదినుండి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోయే ఘట్టం చదివినవాడు మరువడు. అక్కడ కథ పరుగెత్తుతుంది కూడా. ఈ గజదొంగ వేషం బాపిరాజుగారి కల్పన. 1294నాటి రాయచూరు కోట శాసనంలో కనిపించే గోన గన్నయరెడ్డి కాకతీయ సామంతుడు. రుద్రమదేవి 1289లో మరణించినట్లు చందుపట్ల శాసనంవల్ల తెలుస్తున్నది. శాసనాల ఎముకలకు బాపిరాజు ఇంత రక్తమాంసాలు పోశారు కాబట్టే 2015నాటి 'రుద్రమదేవి' చలనచిత్రంలోనూ గన్నారెడ్డి బందిపోటుగానే దర్శనమిచ్చాడు. మన కోటలో నేడు నిలిచి ఉన్నవి తోరణాలు, విరిగిన శిల్పాలు. వాటి మధ్య జనసమ్మర్దాన్ని, రథాలను, పట్టుచీరల రంగులను ఊహించుకోగలుగుతున్నామంటే అందులో ఆయన వంతు స్వల్పం కాదు.

ఇక్కడ దూరదేశపు సంగతి ఒకటి చెప్పాలి. 'నారాయణరావు' బహుమతి పొందిన 1934లోనే స్కాట్లండులోని గ్లాస్గోలో అలస్డేర్ గ్రే జన్మించాడు. ఆయనా చిత్రకళాశాలలో చదివి నవలాకారుడైనవాడే. సుమారు మూడు దశాబ్దాలు వ్రాసిన 'లానార్క్' 1981లో వెలువడింది. నాలుగు భాగాల ఆ నవల మూడవ భాగంతో మొదలవుతుంది. తరువాత ఒకటి, రెండు, నాలుగు! భాగభాగానికి ముఖచిత్రం ఆయనే గీశాడు. అట్టబొమ్మ, అక్షరాల అమరిక కూడా ఇతరులకు వదలలేదు. 1992నాటి 'పూర్ థింగ్స్' 2023లో చలనచిత్రమై లోకమంతటా పేరుపొందింది. అది చూచేందుకు గ్రే లేడు, 2019లోనే గతించాడు. ఇరువురి రచనలకూ పోలిక లేదు. ఒకరు స్వప్నజీవి, ఒకరు తన నవలను తానే గేలిచేసుకొనే వ్యంగ్యకారుడు. కాని గ్రే గ్రంథం తెరచినవానికి ఆయన చిత్రకారుడని వేరే చెప్పనక్కరలేదు.

మన బాపిరాజుకు ఆ భాగ్యం కలుగలేదు. నవలలు సాహిత్య చరిత్రలోకి, బొమ్మలు చిత్రకళా చరిత్రలోకి వెళ్ళిపోయాయి. ఈ రెండు చరిత్రలవారూ పలకరించుకోవటం బహు తక్కువ. 'హిమబిందు', 'అడివి శాంతిశ్రీ', 'అంశుమతి' ఇకముందు అచ్చువేసే ప్రకాశకులు, పరుల బొమ్మను అట్టపైన వేసేముందు బాపిరాజుగారి చిత్రమొకటి లోపలి పుటలో రంగులతో ముద్రించవచ్చును. ఖర్చు కొంత పెరుగుతుంది. ముందుగా ఆ చిత్రాలెక్కడెక్కడ ఉన్నవో వెదకి పట్టిక చేసే పనికి మా విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులెవరైనా పూనుకోవాలి.