కపిలి బావి నుంచి సురభి తెర దాకా

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు పెద్దలు. మన కడప జిల్లా వాళ్లను చూసే ఆ సామెత పుట్టిందేమోనని నాకొక అనుమానం. "సురభి నాటకం" అనే మాట మనలో చాలామంది విన్నదే. అయితే సురభి ఒక ఊరి పేరనీ, ఆ ఊరు మన పులివెందుల నియోజకవర్గంలోనే, చక్రాయపేట మండలంలో ఉందనీ మా తరగతిలో అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. అడిగిన నాకు కూడా నిరుటి దాకా తెలియదు.

కథ 1885లో మొదలైంది. వనారస గోవిందరావు గారి కుటుంబం తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబం. వారి పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి తెలుగునేలకు వచ్చి, ఊరూరా బొమ్మలాడించుకుంటూ బతికేవారు. ఆ ఏడు సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా బొమ్మలను పక్కన బెట్టి, తామే వేషాలు కట్టి "కీచకవధ" ఆడారు. జనానికి నచ్చింది. ఆడిన ఊరి పేరే కంపెనీ పేరయింది. రానురాను ఆ వంశంలో పుట్టినవారికి ఇంటిపేరులాగా అతుక్కుపోయింది. కుటుంబం పెరిగేకొద్దీ కొడుకులూ అల్లుళ్లూ వేరు సమాజాలు పెట్టుకున్నారు. ఒక దశలో అవి ముప్పైకి పైగా ఉండేవని చెబుతారు.

ఆ రోజుల్లో రంగస్థలం మీద ద్రౌపదైనా సీతైనా వేషం కట్టేది మగవాళ్లే. సురభిలో మాత్రం ఆడవేషాలు ఆడవాళ్లవే. కారణం ఆలోచిస్తే తేలికే. తోలుబొమ్మలాటలో ఆలుమగలు కలిసే బొమ్మలాడిస్తారు, కలిసే పాడతారు. తెర వెనుక ఉన్న గొంతు తెర ముందుకొచ్చింది, అంతే. 1932 నాటి తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబం బిడ్డే. సినిమాకు తొలి కథానాయికను ఇచ్చింది సురభి. ఆ సినిమానే తర్వాత సురభి డేరాలను ఖాళీ చేయించింది!

నిరుడు బంధువుల పెళ్లికని హైదరాబాదు పోయినప్పుడు సురభి వారి "మాయాబజార్" చూశాను. నారదుడు మబ్బుల్లోంచి దిగివచ్చాడు. బాణాలు ఎదురెదురుగా వచ్చి గాలిలో ఢీకొన్నాయి. ఘటోత్కచుడి ముందున్న లడ్లు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోయాయి. సినిమాలో అయితే కెమెరా ఉంది, ఎడిటింగు ఉంది. ఇక్కడ అంతా కళ్లెదుట, ఒక్క ఊపులో జరిగిపోవాలి. ఫిజిక్సు చదివే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది జమ్మలమడుగు దగ్గర సేద్యపు కుటుంబం. ఊరికొచ్చి మా జేజినాయనకు ఈ వింతంతా చెప్పాను. ఆయన నవ్వి, "ఓరి పిచ్చోడా, అందులో ఏముందిరా? నేను కపిలి తోలింది అట్లనే గదా! బావి మీద గిలక, దాని మీద తాడు, ఈ తట్టు ఎద్దులు. వాళ్లు ఎద్దుల బదులు మనుషుల్ని పెట్టుకున్యారు" అన్నాడు. ఆయన చిన్నతనంలో ప్రొద్దుటూరులో సురభి డేరా పడితే, బండి కట్టుకొని పోయి మూడు రాత్రులు వరసగా చూశాడట.

జేజినాయన మాటను పుస్తకం భాషలో పెడితే ఇదీ సంగతి. స్థిరంగా బిగించిన గిలక బరువును తగ్గించదు, లాగే దిశను మారుస్తుంది. కాబట్టి పక్కతెర చాటున ఉన్నవాడు తాడు కిందికి లాగుతూ నారదుణ్ణి పైకి లేపగలడు. కదిలే గిలక ఒకటి జోడిస్తే, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, 50 కిలోల మనిషిని లేపడానికి 25 కిలోల బరువుకు సరిపడే బలం చాలు. అయితే తాడు రెండింతలు లాగాలి. ప్రకృతి ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వదు మరి!

ఇక తీగ ఎందుకు కనబడదు? వస్తువు మీద పడిన వెలుతురు తిరిగి మన కంటికి చేరితేనే అది కనిపిస్తుంది. సన్నని నల్లతీగ వెలుతురును దాదాపు మింగేస్తుంది. వెనుక రంగురంగుల తెర ఉన్నప్పుడు కన్ను దాన్ని పట్టుకోలేదు. ఆ తెర మీది స్తంభాలను కూడా లోపలికి పోయేకొద్దీ చిన్నవిగా, దగ్గర దగ్గరగా గీస్తారు. అందుకే నాలుగు బారల వేదిక మీద అంత పెద్ద రాజసభ కనిపిస్తుంది.

అయితే సూత్రం తెలిస్తే సరిపోతుందా? పాట ఎక్కడికొచ్చినప్పుడు తాడు వదలాలి, హార్మోనియం ఆగిన ఎంతసేపటికి బాణం కదలాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. వేషం కట్టినవాడే వేషం లేనప్పుడు తెర లాగుతాడు. నడక రాని పసిబిడ్డ కూడా ఏదో ఒక వేషంలో వేదిక ఎక్కుతుంది. గాలిలో వేలాడేవాడికి భయం లేదంటే, కింద తాడు పట్టుకున్నది తన బాబాయో అన్నో కాబట్టే. సురభి అసలు యంత్రం ఆ నమ్మకమే.

ఆ యంత్రమే ఇప్పుడు అరిగిపోతున్నది. మిగిలిన సమాజాలను వేళ్ల మీద లెక్కబెట్టవచ్చు. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అంటే అందరూ పిలిచే సురభి బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. సురభి పిల్లలు చదువుకొని ఉద్యోగాలకు పోతున్నారు. అది తప్పని ఏ నోటితో అనను? నేను చేస్తున్నదీ అదే గదా. మా జేజినాయనకు కపిలి తోలడం వచ్చు. మా నాయనకు మోటారు బిగించడం వచ్చు. నాకు గిలక సూత్రం రాయడం వచ్చు. కపిలి పోతే మోటారు వచ్చింది, నీళ్లు ఆగలేదు. సురభి తాడు పట్టిన చెయ్యి పోతే దాని బదులు వచ్చేదేమిటి?

అందుకే మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. వచ్చే వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా బదులు సురభి సమాజాన్ని పిలుద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలలు మూడూ చెయ్యి కలిపితే ఖర్చు మోయలేనిదేమీ కాదు. మూడు ఊళ్లు, మూడు రాత్రులు. పగటిపూట వాళ్లు తెరలు కట్టేటప్పుడు, వారు ఒప్పుకుంటే, సైన్సు విద్యార్థులం పోయి ఒక చెయ్యి వేద్దాం. ఏ గిలక ఎక్కడ బిగించారో బొమ్మలు గీసుకుందాం.

మా జేజినాయనకు ఎనభై దాటాయి. ఈ సంగతి చెప్తే, "ఈ తూరి బండి కట్టాల్సింది నువ్వేరా" అన్నాడు. కడతానని మాటిచ్చాను. నా మాట నిలబెట్టే భారం ఇక మీ అందరిదీ!