సెన్సార్ చెప్పింది 58, వేలు చెప్పింది 121: నాన్న షుగర్‌ని ఏఐకి వదిలేయొచ్చా?

రాత్రి 2:40. గచ్చిబౌలిలో నా ఫోన్ గట్టిగా మోగింది. తెనాలిలో నిద్రపోతున్న నాన్న గ్లూకోజ్ 58 అని అలర్ట్. 70 కంటే తగ్గితే లో షుగర్ కిందే లెక్క. వెంటనే అమ్మకి కాల్ చేశా.

"చెమటలు లేవు, వణుకూ లేదు. బానే ఉన్నాన్రా" అన్నాడు నాన్న. అయినా వేలు గుచ్చి గ్లూకోమీటర్‌తో చూశారు. 121!

నాన్నకి టైప్ 2 డయాబెటిస్ వచ్చి 12 ఏళ్లు. చేతికి ఈ సీజీఎం సెన్సార్ పట్టుబట్టి పెట్టించింది నేనే. 14 రోజులకోసారి మార్చాలి, రీడింగ్స్ నా ఫోన్‌కీ వస్తాయి. ఆ ఫీచర్ మాత్రం సూపర్.

అసలు గొడవ పొద్దున మొదలైంది. యాప్‌లోని ఏఐ వారం డేటా చూసి, "రాత్రిపూట తరచూ లో అవుతోంది, సాయంత్రం మందు గురించి డాక్టర్‌తో మాట్లాడండి" అంది. నాన్న వేసుకునే గ్లిమెపిరైడ్ నిజంగానే షుగర్‌ని బాగా తగ్గించేయగలదు. అందుకే నమ్మేశా. అపాయింట్‌మెంట్ దాకా సగం మాత్రే వేసుకోమన్నా. (బీటెక్ తెలివి!)

"అది డాక్టర్‌ని అడగమంది కదరా, మధ్యలో నువ్వెందుకు డాక్టర్ అవుతున్నావ్?" అన్నాడు నాన్న.

డాక్టర్ గారు గ్రాఫ్ చూసి ఒకటే అడిగారు: "ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?" ఎడమ. సెన్సార్ కూడా ఎడమ చేతికే. ఇది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ద్రవంలో గ్లూకోజ్ కొలుస్తుంది. చెయ్యి నలిగితే రీడింగ్ ఉత్తుత్తిగానే పడిపోతుంది. దీన్ని కంప్రెషన్ లో అంటారు. డోస్ మార్చలేదు. ఆ సగం మాత్ర సలహా విని ఉంటే షుగర్ పెరిగేది.

అలాగని నాన్న ఏఐకి వ్యతిరేకి కాదు. డయాబెటిస్ వల్ల రెటీనా దెబ్బతిన్నదా అని ఫోటో చూసి తనంతట తానే చెప్పే ఐడీఎక్స్-డీఆర్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతిచ్చింది. అది చెప్తే, "మంచిదే, దానికి కావాల్సిందంతా ఫోటోలోనే ఉందిగా. నేను ఏం తిన్నానో, ఎంత నడిచానో ఈ యాప్‌కి ఎవరు చెప్పారు?" అన్నాడు. అడగని యాప్‌ది తప్పా, ఎంటర్ చేయని మాది తప్పా అంటే, రెండూ.

మీ ఇంట్లోవాళ్లకి సీజీఎం కొంటుంటే గ్లూకోమీటర్ స్ట్రిప్స్ కూడా ఇంట్లో ఉంచండి. ఒంట్లో ఉన్నదానికీ రీడింగ్‌కీ పొంతన లేకపోతే వేలు గుచ్చి చూడాల్సిందే.

కొత్త సెన్సార్ కుడి చేతికి పెట్టాం. అలర్ట్స్ ఉంచమన్నాడు, సలహాల నోటిఫికేషన్ మాత్రం నా ఫోన్‌లో ఆఫ్ చేయమన్నాడు. తన ఫోన్‌లో కాదు.