జిగురు కోసం వెతికితే దొరికిన పొర

ఇటుక గోడ మీద మూడంతస్తుల ఎత్తు బొమ్మ. దూరం నుంచి చూస్తే ఎవరో పెయింటరు పరంజా కట్టుకుని నెల్లాళ్లు వేశాడనిపిస్తుంది. దగ్గరికెళ్లి గోటితో గీకితే గానీ అది రంగు కాదు, స్టిక్కరని తెలియదు. ఇటుక గరుకూ, ఇటుకల మధ్య సిమెంటు పల్లమూ పొర మీద ఉన్నవున్నట్టు తేలి ఉంటాయి. మన సెంటర్లలో నాయకుల బొమ్మలతో వెలిసే ఫ్లెక్సీకి ఇది దగ్గరి చుట్టమే. రెండిట్లోనూ ఉన్నది పీవీసీయే. కాకపోతే ఫ్లెక్సీని తాళ్లతో కట్టేస్తే సరిపోతుంది, దీన్ని అంటించాలి. తంటా అంతా అక్కడే ఉంది.

1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆయిగెన్ బౌమన్, ఎండ తగిలిన గాజు బుడ్డిలో వినైల్ క్లోరైడ్ వాయువు తెల్లటి గట్టి పదార్థంగా మారడం గమనించాడు. అదే పీవీసీ. ఉత్త పెళుసు. దాన్ని ఏం చేసుకోవాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1926లో అమెరికాలోని ఆక్రన్ పట్నంలో, బి.ఎఫ్. గుడ్‌రిచ్ టైర్ల కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సీమన్ దాన్ని మళ్లీ పైకి తీశాడు. ఆయనకు కావలసింది రబ్బరును లోహానికి అతికించే జిగురు. పీవీసీని బాగా వేడెక్కితే గానీ మరగని ద్రావకాల్లో వేసి కాచాడు. చల్లారాక చూస్తే సాగే, బంతిలా ఎగిరే ముద్ద. నీళ్లు పీల్చదు, దేన్నీ అతికించదు. అంటించేదాన్ని వెతికితే అంటనిది దొరికింది! రెయిన్‌కోట్ల నుంచి స్నానాలగది తెరల దాకా అది ఎక్కడెక్కడికి పాకిందో చెప్పాలంటే మరో వ్యాసం రాయాలి.

సీమన్‌కు దొరకని జిగురు సంగతి వేరే చోట తేలింది. కార్లకు రెండు రంగులు వేసేవాళ్ల అవస్థ చూసి, 3ఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు చేశాడు. నీళ్లతో తడపక్కర్లేదు, వేడిచేయక్కర్లేదు, నొక్కితే చాలు. ఈ రకం జిగురు పూర్తిగా ద్రవమూ కాదు, ఘనమూ కాదు. నొక్కినప్పుడు నెమ్మదిగా పారి, కింద ఉన్న ఉపరితలాన్ని తడుముకుంటూ సందుల్లోకి దిగుతుంది. అద్దం మీదైతే అంగుళం అంగుళమూ పట్టేస్తుంది. ఇటుక మీద మాత్రం గరుకు కొసలకే తగులుతుంది. కొండల నెత్తిన దుప్పటి పరిస్తే లోయలు ఖాళీగా ఉండిపోయినట్టు.

కనుక పొరే లోయల్లోకి వంగాలి. ఇక్కడ దాన్ని తయారుచేసిన తీరు ముఖ్యం. చవక వినైల్ (పీవీసీ) పొరను వేడి రోలర్ల మధ్య, చపాతీ ఒత్తినట్టు ఒత్తి లాగుతారు. ఆ లాగుడు దాని ఒంట్లో మిగిలిపోతుంది. ఎండ తగిలిందంటే పాత కొలతకు ముడుచుకుపోవాలని చూస్తుంది. సిమెంటు పల్లాల్లో గుడారంలా లేచేది అందుకే. మేలురకాన్ని ద్రవరూపంలో పలచగా పోసి ఓవెన్లో ఆరబెడతారు. మందం సుమారు 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలచన. లాగింది లేదు కనుక వెనక్కి పోవాలన్న తపనా లేదు. ఇటుక గోడకు చవక రకం వాడి డబ్బు మిగిలిందనుకోవడం ఉత్త భ్రమ అని నా అభిప్రాయం.

వేడికి పీవీసీ సాగడం ఇటుకతో పోలిస్తే పది రెట్లు. నలభై డిగ్రీల తేడా వస్తే మీటరు ఇటుక గోడ పావు మిల్లీమీటరైనా పెరగదు. అదే మీటరు పీవీసీని స్వేచ్ఛగా వదిలితే రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ పెనుగులాటను రోజూ పగలూ రాత్రీ జిగురే మోయాలి.

అంటించే రోజున చేతిలో ఉండేవి హీట్‌గన్, స్పాంజి రోలర్. హీట్‌గన్ ఊదే గాలి 500 డిగ్రీలు దాటుతుంది. పొరను మాత్రం అంత కాల్చకూడదు. మెత్తబడేంతే కాచాలి. మరీ మాడిస్తే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది, ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. పొర మెత్తబడిన క్షణంలోనే వెనకాలే రోలర్ నొక్కుకుంటూ రావాలి. ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక, తొందర పనికిరాదు. చల్లారేసరికి పొర ఇటుక ఆకారంలోనే బిగుసుకుంటుంది.

ఇంత చేసినా గోడ తడిగా ఉంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇటుక నీళ్లు తాగుతుంది, తాగినవి ఆవిరిగా వదులుతుంది. ముందు వైపు ప్లాస్టిక్ మూసేస్తే ఆ ఆవిరి పొర వెనక బొబ్బలు కడుతుంది, కరిగి వచ్చిన ఉప్పు పూసి జిగురును గోడ నుంచి వేరుచేస్తుంది. అందుకే పైకప్పు కారుతున్న గోడ జోలికి అనుభవజ్ఞులు పోరు. ప్రెషర్ వాషర్‌తో కడిగిన గోడనైనా పూర్తిగా ఆరేదాకా వదిలేస్తారు.

చివరికి పొరను చంపేది ఎండే. బౌమన్ బుడ్డిలో పీవీసీని పుట్టించిన సూర్యకాంతే దాని అణుగొలుసుల్లోంచి క్లోరిన్‌ను ఊడబెరికి పసుపెక్కిస్తుంది, పెళుసు చేస్తుంది. పైన వేసే లామినేషన్ ఆ ముప్పును కొంతకాలం వాయిదా వేస్తుందంతే. ఆమధ్య అమెరికా ఇటుక గోడల మీద నూరేళ్ల నాటి సీసపు రంగు ప్రకటనలు ఇంకా లీలగా కనిపించే ఫోటోలు చూశాను. వినైల్‌కు అంత ఆయుష్షు లేదు. కొన్నేళ్లకు మళ్లీ అదే హీట్‌గన్ తెచ్చి, కాస్త కాస్త కాచి, ఓ మూల పట్టుకుని లాగుతారు. ఊడివచ్చిన పొరను తిప్పి చూస్తే జిగురు వైపు గోడ గోడంతా తిరగబడిన అచ్చులా దిగి ఉంటుంది. ఇటుక వరసలు, వాటికి అంటుకొచ్చిన పాత రంగు పెచ్చులు, సిమెంటు సందుల్లోంచి రాలిన ఇసుక.