మంచు కరిగిన చోట నీటి నడక

ఒక గాజు గ్లాసులో సగం వరకు ఉప్పునీరు పోయండి. రంగు కలిపిన మంచినీటిని చెంచా మీదుగా మెల్లగా దానిపై జారవిడవండి. రెండు నీళ్లూ వెంటనే కలిసిపోవు. తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద నిలుస్తాయి. మద్రసాలో మేము ఈ ప్రయోగం చూపినప్పుడల్లా పిల్లలు విస్తుపోతారు. ఇదే దృశ్యం మహా ప్రమాణంలో నిత్యం సాగే చోటు ఒకటుంది. అది అమెరికాలోని అలాస్కా తీరాన ఉన్న గ్లేసియర్ బే అనే అఖాతం.

సుమారు 1750 నాటికి ఆ ప్రదేశమంతా మంచుతో నిండిపోయింది. ముందుకు జరిగిన హిమానీనదం హూనా ట్లింగిట్ ప్రజలను వారి పూర్వీకుల నేల నుండి వెళ్లగొట్టింది. 1794లో వాంకూవర్ బృందానికి అక్కడ కనిపించినది చిన్న వంపు, దాని వెనుక మంచుగోడ మాత్రమే. 1879లో జాన్ మ్యూర్ వెళ్లేసరికి మంచు 60 కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది. నేడు సముద్రజలం దాదాపు 100 కిలోమీటర్ల లోపలికి చొచ్చుకుపోయి ఉంది.

కరిగిన మంచునీరు, వాననీరు పై పొరగా సముద్రం వైపు సాగుతాయి. ఉప్పునీరు అడుగు నుండి లోపలికి వస్తుంది. అయితే అఖాతం ముఖద్వారంలో నీటి కింద ఒక గడప ఉంది. లోపలి లోయలు 400 మీటర్లకు మించిన లోతు కాగా, ఈ గడప వద్ద లోతు సుమారు 25 మీటర్లే. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు ఈ ఇరుకు దారిగుండానే సాగాలి. నీటిమట్టం ఒక్కోసారి 7 మీటర్లకు పైగా మారుతుంది. అందుచేత అక్కడ ప్రవాహం ఉధృతమై పొరలను కలిపివేస్తుంది. మన గ్లాసులో చెంచా తిప్పినట్లే!

ఆ చెంచాను తిప్పేది ప్రధానంగా చంద్రుని ఆకర్షణ. నెలవంక కోసం ఆకాశాన్ని వెదికే రోజులలోనూ, పున్నమి నాళ్లలోనూ ఆటుపోట్లు అత్యధికంగా ఉంటాయి.

పొరలు పూర్తిగా కలిసిపోతే సూక్ష్మమైన వృక్షప్లవకాలు వెలుతురు అందని లోతుకు దిగిపోతాయి. అసలే కలవకపోతే అడుగున ఉన్న పోషకాలు పైకి రావు. అఖాతం మధ్యభాగంలో ఈ రెండూ తగుపాళ్లలో అమరుతాయి. అందువల్లనే వసంతం నుండి శరత్తు వరకు అక్కడ ప్లవకాలు సమృద్ధిగా పెరుగుతాయి. వాటిపై చిన్న జీవులు, వాటిపై చేపలు, చేపలపై హంప్‌బ్యాక్ తిమింగలాలు ఆధారపడతాయి.

ఈ అదృశ్య వ్యవస్థను కంటికి కనిపించేలా చేసినది శాస్త్రజ్ఞుల ఓపిక. 1993 నుండి వారు నిర్ణీత స్థలాలలో పరికరాలను నీటిలోకి దించి, ప్రతి లోతులోనూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తున్నారు. ఆ అంకెలను రంగుల చిత్రాలుగా మార్చినప్పుడు పొరలు ఎక్కడ విడివడి ఉన్నాయో, ఎక్కడ కలిశాయో స్పష్టమవుతుంది.

ఈ పరిశీలన కేవలం కుతూహలం కోసం కాదు. 2014-16 నడుమ ఉత్తర పసిఫిక్ జలాలు అసాధారణంగా వేడెక్కిన తరువాత, ఈ ప్రాంతానికి వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఆహారపు గొలుసులో ఎక్కడ లోపం కలిగినా, చివరి జీవి వరకు దాని బాధ చేరుతుంది.

అరబ్బీలో త్రాసును మీజాన్ అంటారు. ఆ త్రాసు ఎంత సున్నితమైనదో తెలుసుకున్న చేయి దానిని కదిపే ముందు కొంత ఆగుతుంది. మన పిల్లలకు ఆ గ్లాసును చూపవలసినది ఇందుకే.