బోర్డు మీదే... అనుమతి మాత్రం మున్సిపాలిటీది!

కొత్తగా దుకాణం పెట్టేవాళ్లు మంచి ముహూర్తం చూసుకుంటారు. వడ్రంగిని, కరెంటు పనివాణ్ని, రంగులేసేవాళ్లని పిలుస్తారు. చిట్టచివరికి బోర్డు. పైన దేవుడి బొమ్మ, మధ్యలో పేరు, కింద సెల్‌ నంబరు... కట్టేస్తే పనైపోయినట్టే అనుకుంటారు. కానీ నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ ఆ బోర్డు రోడ్డు మీదికి ఒక్క అడుగు వంగినా, పక్కవాళ్ల మేడ ఎక్కినా అక్కణ్నుంచి లెక్క వేరు!

నంద్యాల శ్రీనివాస సెంటర్‌, సంజీవనగర్‌ గేటు, నూనెపల్లె... ఎటు తిరిగినా తలెత్తితే అక్షరాలే. ఆస్పత్రులు, నగల షాపులు, విత్తనాల కంపెనీలు, బ్యాంకు పరీక్షల కోచింగ్‌ సెంటర్లు. కోచింగ్‌ వాళ్ల బోర్డుల్లో అక్షరాలకన్నా ఫొటోలే ఎక్కువ! 2022 ఏప్రిల్‌ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చిన ఊరికి వ్యాపారాలు రావడం, వాటి వెంటే బోర్డులు రావడం మామూలే కదా.

అయితే చట్టం కంటికి ఈ అక్షరాలన్నీ ఒకటి కావు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో 114వ సెక్షన్‌ మొదలు కొన్ని సెక్షన్లు ప్రకటనల గురించే. దారినపోయేవాళ్లకి కనిపించేలా నేలమీదగానీ గోడకిగానీ మేడమీదగానీ ప్రకటన పెట్టాలంటే కమిషనర్‌ రాతపూర్వక అనుమతి ఉండాలి. కౌన్సిలర్‌ ‘కట్టుకోవయ్యా, నేను చెప్తాలే’ అన్నాడంటే... అది అనుమతి కిందికి రాదు.

కొట్టు పేరా... కంపెనీ పేరా?

ఎవరి కొట్టు మీద వాళ్లు తమ పేరు, తమ వ్యాపారం రాసుకుంటే ప్రకటనల పన్ను లేదని చట్టమే మినహాయించింది. ఇంటి పేరు, యజమాని పేరు, ‘ఈ ఇల్లు అద్దెకివ్వబడును’ అన్న అట్టముక్క, అద్దాల కిటికీ లోపల పెట్టిన ప్రకటన... వీటికీ అంతే. బహిరంగసభ, ఎన్నికల ప్రకటనలకూ పన్ను మినహాయింపు ఉంది. కిరాణా కొట్టాయన నిశ్చింతగా నిద్రపోవచ్చు అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే... ‘ఉచిత’ బోర్డు దగ్గర! కూల్‌డ్రింకు కంపెనీయో, సిమెంటు కంపెనీయో, సెల్‌ఫోన్‌ కంపెనీయో వచ్చి ‘అన్నా, పైసా అక్కర్లేదు, లైట్లతో సహా మేమే బోర్డు పెట్టిస్తాం’ అంటుంది. ముప్పాతిక భాగం కంపెనీ గుర్తు. అడుగున, చీమంత అక్షరాల్లో, కొట్టు పేరు. అది కొట్టు బోర్డా, కంపెనీ ప్రకటనా? తగవు అక్కడే. పెట్టినవాడు ఎవరో తేలకపోతే ఆ స్థలం యజమానో అందులో ఉంటున్నవాళ్లో బాధ్యులని చట్టం చెబుతుంది. కంపెనీ మనిషి ఏడాదికోసారి కనిపిస్తాడు. నోటీసు మాత్రం కొట్టు గుమ్మంలోకే వస్తుంది. కరెంటు కూడా కొట్టు మీటరు నుంచే లాగితే అది మరో తలనొప్పి. మన రాష్ట్రంలో విద్యుత్‌ ఛార్జీల పట్టికలో ప్రకటన హోర్డింగులకు విడిగా ఒక పద్దే ఉంది మరి.

ఒకసారి తీసుకున్న అనుమతి ఎప్పటికీ ఉండిపోదు. చెప్పకుండా ప్రకటనలో పెద్ద మార్పులు చేసినా, గోడ పడగొట్టి కట్టే క్రమంలో బోర్డు కదిలినా ఆ అనుమతి చెల్లదు. ఐదేళ్ల కిందట ఎవరికో ఇచ్చిన కాగితం చూపించి ‘మాకు పర్మిషనుంది’ అనే మేడ యజమానులు ఈ ముక్క తెలుసుకోవాలి.

పన్ను సంగతికొస్తే... ప్రకటనల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో 55వ అంశంగా ఉండేది. 2016లో వచ్చిన 101వ సవరణ ఆ అంశాన్నే తీసేసింది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ మొదలైంది. ఇక మున్సిపాలిటీకి రూపాయి కట్టక్కర్లేదంటూ దేశంలో చాలాచోట్ల ప్రకటనల ఏజెన్సీలు కోర్టుకెక్కాయి. పన్ను వేరు, అనుమతి ఇచ్చి పర్యవేక్షించినందుకు తీసుకునే రుసుము వేరు, ప్రభుత్వ స్థలానికి అద్దె వేరు అన్నది స్థానిక సంస్థల వాదన. ఏదెలా ఉన్నా పన్ను పోయింది కదాని అనుమతీ పోయిందనుకుంటే పొరపాటే.

ఇంకో నిబంధన చాలామందికి తెలియదు. తెలిసినా పట్టించుకోరు. దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో చేసిన నిబంధనల ప్రకారం కొట్టు పేరు తెలుగులో ఉండాలి. వేరే భాషలో కూడా రాసుకోవచ్చు, కానీ తెలుగు కింద! ఇప్పుడు పెద్ద షోరూముల బోర్డుల్లో తెలుగు పైన కాదుకదా, భూతద్దం పెట్టి వెతికినా కనపడదు.

గాలి లెక్క

ఇదంతా కాగితాల గొడవే అనిపించవచ్చు. కాదు. సీమలో మే నెల సాయంత్రం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ. ఉన్నట్టుండి మబ్బు. దుమ్ము లేపుకుంటూ గాలి.

ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న ఓ మామూలు ఫ్లెక్సీని తీసుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గాలి ఎదురుగా కొడితే దాని మీద పడే ఒత్తిడి సుమారు 110 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపై 72 కిలోమీటర్లయితే బరువు రెట్టింపు కాదు... నాలుగు రెట్లు! దాదాపు 450 కిలోలు. దాన్ని ఆపుతున్నది ఏంటంటే నాలుగు సర్వి కర్రలు, కాస్త బైండింగ్‌ వైరు. భవనాల డిజైన్‌కు వాడే భారతీయ ప్రమాణాల్లో కర్నూలుకు లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. అంటే గంటకు 140 కిలోమీటర్లు! మేడ మీద ఇనుప చట్రం వేసేటప్పుడు ఇంజినీరు సంతకం ఎందుకడుగుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది దస్త్రాల లాంఛనం కాదు.

ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న గాలివానకు కూలిన హోర్డింగ్‌ 17 మందిని బలితీసుకుంది. అది 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. అక్కడి కార్పొరేషన్‌ నిబంధన 40 అడుగులకు మించకూడదని. స్థలం రైల్వే పోలీసులది కాబట్టి కార్పొరేషన్‌ మాట వర్తించదన్న వాదనలో అది అంతకాలం నిలబడింది. 2019 సెప్టెంబరు 12న చెన్నైలో పెళ్లి ఫ్లెక్సీ ఒకటి ఊడి స్కూటరు మీద వెళ్తున్న 23 ఏళ్ల అమ్మాయి మీద పడింది. అదుపు తప్పి కిందపడిన ఆమె మీద నుంచి ట్యాంకర్‌ వెళ్లిపోయింది. హోర్డింగేమీ కాదు... డివైడర్‌ మీద కట్టిన పెళ్లి ఫ్లెక్సీ! అలాంటివి కట్టని ఊరు మన దగ్గర ఒక్కటుందా? తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో నేల నుంచి 15 అడుగులు దాటిన ఎత్తులో ప్రకటనలే వద్దంది.

మన రాష్ట్రంలో ఫ్లెక్సీల మీదే వేటు వేయాలని చూశారు. 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్‌ జగన్మోహన్‌రెడ్డి ప్లాస్టిక్‌ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు. అప్పులు తెచ్చి యంత్రాలు కొన్నామంటూ ప్రింటింగ్‌ వాళ్లు మొరపెట్టుకున్నారు. గడువు 2023 జనవరి 26కి జరిగింది. ఆ తేదీ కూడా వెళ్లిపోయింది. ఫ్లెక్సీలు మాత్రం కూడళ్లను వదల్లేదు! నిజానికి ఈ ప్రింటర్ల కన్నా ముందు దెబ్బతిన్నది కుంచె పట్టుకున్న పెయింటర్లు. వాళ్లకు గడువు ఇచ్చినవాళ్లెవరూ లేరు.

మూడు రోజుల్లో మాయం

1991లో ప్రధాని పీవీ నరసింహారావు నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో నిలబడేనాటికి ఊళ్లలో ప్రచారమంటే గోడరాతలు, గుడ్డ బ్యానర్లు. 2017 ఆగస్టులో నంద్యాల అసెంబ్లీ ఉప ఎన్నిక నాటికి ఫ్లెక్సీలదే రాజ్యం. ఎన్నికల నియమావళి వచ్చిన క్షణం నుంచి సర్కారు భవనాల మీదివి 24 గంటల్లో, బస్టాండ్ల వంటి బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, ప్రైవేటు స్థలాల్లో అనుమతి లేనివి 72 గంటల్లో తీసేయాలి. తీసేస్తారు కూడా! అంటే మనుషులూ నిచ్చెనలూ లేక కాదన్నమాట, మిగతా రోజుల్లో ఆగిపోయేది.

ఆళ్లగడ్డ కథ కొంచెం వేరు. ఒకప్పటి పంచాయతీ ఇప్పుడు మున్సిపాలిటీ. అహోబిలం వెళ్లే భక్తులు ఇక్కడే మలుపు తిరగాలి. నాలుగు రోడ్ల కూడలిలో దారిచూపే బోర్డుకు అడ్డంగా పుట్టినరోజు శుభాకాంక్షలు కడితే బయటి ఊళ్లవాళ్లకు దారి తప్పుతుంది. ఊరి బయటికెళ్తే కర్నూలు-కడప హైవే. హైవే స్థలంలో బోర్డు పాతాలంటే మున్సిపాలిటీ కాగితం ఒక్కటే సరిపోదు. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద హైవే అధికారుల అనుమతి కావాలి.

ఆళ్లగడ్డ శిల్పులకు మాత్రం బోర్డుతో పనేముంది? పనిశాల ముందు రోడ్డు వైపు నిలబెట్టిన వినాయకుడే వాళ్ల చిరునామా. ఆ రాతిబొమ్మ పనిశాల ఆవరణలో ఉన్నంతవరకూ పేచీ లేదు. అదే విగ్రహాన్ని ఎవరైనా కొనుక్కెళ్లి కూడలి నడిమధ్యలో పెడతామంటే కుదరదు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

బోర్డు పెట్టాలనుకునేవాళ్లు మున్సిపల్‌ కార్యాలయంలోని టౌన్‌ప్లానింగ్‌ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. స్థలం ఎక్కడ, కొలతలెంత, గోడ ఎవరిది, ఆయన ఒప్పుకున్నట్టు కాగితం ఉందా... ముందు అడిగేవి ఇవే. మేడ మీద చట్రమైతే ఇంజినీరు ధ్రువపత్రం కూడా సిద్ధంగా పెట్టుకోండి. ఇప్పటికే బోర్డున్నవాళ్లు మే నెల రాకముందే ఓసారి మేడెక్కి ఆ బోల్టులు, తుప్పుపట్టిన యాంగిళ్లు చూసుకుంటే మంచిది.